పేజీ 40 పైసలు

పరీక్షలు దగ్గరపడ్డాయంటే కాలేజీ గేటు పక్కన జిరాక్స్ షాపులో కాలు పెట్టే చోటుండదు. ‘అన్నా, మూడో చాప్టరు రెండు సెట్లు’, ‘స్పైరల్ బైండింగ్ సాయంత్రానికి కావాలి’... ఈ కేకల మధ్య మిషను వెలుగుతూనే ఉంటుంది. ‘ఇది దొంగతనమేమో’ అన్న అనుమానం అక్కడ ఎవరికీ రాదు. ఢిల్లీలో మాత్రం ఆ అనుమానం కోర్టుకెక్కింది.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే చిన్న షాపు. లైసెన్సు ఇచ్చింది యూనివర్సిటీయే. అప్పట్లో పేజీ 40 పైసలు. సిలబస్‌లో ఒక్కో పుస్తకం నుంచి ఒక్కో అధ్యాయం ఉంటుంది. ఆ పేజీలన్నీ కలిపి బైండ్ చేస్తే ‘కోర్స్ ప్యాక్’. ఒక్క అధ్యాయం కోసం ఖరీదైన విదేశీ పుస్తకం కొనడం... ఇంటి నుంచి వచ్చే డబ్బుతో హాస్టల్ బిల్లు కట్టే కుర్రాడికి అయ్యే పనేనా?

2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఆ షాపు మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. వాళ్ల బాధనూ కొట్టిపారేయలేం. పుస్తకం వెనుక రచయిత ఏళ్ల శ్రమ, ప్రచురణకర్త పెట్టుబడి ఉంటాయి. చిత్రమేమిటంటే, ఆ పుస్తకాలు రాసినవారిలోనే పలువురు విద్యార్థుల పక్షాన నిలిచారు. అమర్త్యసేన్ కూడా దావా వద్దన్నారు.

2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావా కొట్టేసింది. చదువు చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడో విద్యార్థో తీసుకునే నకలును 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ తప్పుపట్టదంది. లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది, మిషను మీద తీస్తే ఎలా తప్పవుతుందన్నది అందులోని తర్కం. డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ఇన్ని పేజీలేనన్న లెక్క లేదంది. కానీ తీసిన నకలు బోధనకు అవసరమైనదే అయి ఉండాలంది. ఆ సంగతి విచారించి తేల్చమంది. ఆ విచారణ ముగియకుండానే 2017 మార్చిలో ప్రచురణ సంస్థలు దావా వెనక్కి తీసుకున్నాయి.

అలాగని మొత్తం పుస్తకాన్ని అచ్చొత్తి బజార్లో అమ్ముకోమని కాదు. తరగతి గది అవసరం వేరు, వ్యాపారం వేరు.

అంచులు నల్లబడ్డ ఆ కాగితాల మీదే ఎందరి చదువులో గట్టెక్కాయి. ఉద్యోగం వచ్చాక, ఒకప్పుడు జిరాక్స్‌లో చదివిన పుస్తకాన్ని వెతికి మరీ కొనుక్కునేవాళ్లూ ఉంటారు. పాత బాకీ తీర్చుకున్నట్టు!