నాన్నకు తొడిగిన కోటు

శాన్ ఆంటోనియోలో మా పక్కింటావిడ మెక్సికన్. అక్టోబరు ఆఖరుకి, పోయినవాళ్లను తలుచుకునే వాళ్ల పండుగకని, ఆమె వరండా నిండా అస్థిపంజరాల బొమ్మలు దిగాయి. ఒకటి గిటారు వాయిస్తోంది, ఇంకోటి సైకిల్ తొక్కుతోంది. పూలటోపీ పెట్టుకున్న ఒకావిడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. "పోయినవాళ్ల ఫోటోలు పెడుతున్నా, మీ నాన్నదీ ఇవ్వు" అంది. ఫోన్‌లో చూపించాను. కాసేపు చూసి, "ఈయనకి ఎవరి మీద కోపం?" అని అడిగింది.

ఒళ్లు మండింది. మండక ఏం చేస్తుంది, ఆమె అన్నది నిజమే కదా!

మన ఇళ్లల్లో గోడకెక్కిన పెద్దలు ఒక్కరైనా నవ్వుతారా? తార్నాక చౌరస్తాలో ఇరానీ చాయ్ ముందేసుకుని బల్ల గుద్ది నవ్వే మనిషి మా నాన్న. పోయాక ఆయన గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేయించాం. స్టూడియో అతను అడక్కుండానే కోటూ టై తగిలించాడు. నాన్న ఉస్మానియాలో జువాలజీ ల్యాబ్ అటెండర్. తన పెళ్లికి కూడా కోటు వేసుకోలేదు. అమ్మ మాత్రం "ఆఫీసర్ లెక్కున్నడు" అని మురిసిపోయింది.

ఆ టోపీ ఆవిడ చరిత్ర విన్నాక మంట ఇంకా పెరిగింది. ఆమెను చెక్కిన హొసే గ్వాదలూపే పొసాదా 1913లో పోయాడు. తమ మూలాలు దాచుకుని యూరప్ దొరసానుల్లా తిరిగేవాళ్లను వెక్కిరిస్తూ పుర్రెకు టోపీ పెట్టాడాయన. ఆ తలకు ఒళ్లూ గౌనూ తగిలించింది దియేగో రివేరా, 1947 నాటి కుడ్యచిత్రంలో. వాళ్లేమో డాబును ఎగతాళి చేయడానికి పోయినవాళ్లకు వేషం కట్టారు, మేం డాబు కోసమే కట్టాం!

అయినా వాళ్లదంతా తాతలనాటిదేం కాదు. మెక్సికో సిటీలో ఈ పండుగకు తీసే మహా ఊరేగింపు 2015 నాటి జేమ్స్ బాండ్ సినిమా చూసి 2016లో మొదలుపెట్టిందే. ఆ మాటకొస్తే మన బస్తీల్లో శవం ముందు డప్పు మోగితే తీన్‌మార్ ఆడరా? ఆడతారు. మా నాన్నకు మాత్రం డప్పు పెట్టలేదు, క్వార్టర్స్‌లో నలుగురూ ఏమనుకుంటారోనని. అదీ కోటు బాపతే.

ల్యాబులో గాజు బీరువాలో నిజం అస్థిపంజరమే ఉండేది. ఒకసారి స్టూడెంట్లు దానికి టోపీ పెట్టి, పళ్ల మధ్య సిగరెట్ ఇరికించారు. నాన్న రెండూ తీసేసి, "ఏ తల్లి కన్న కొడుకో" అంటూ పుర్రెను గుడ్డతో తుడిచాడు. మన మర్యాద ఎంతటిదో చూపిద్దామని పక్కింటావిడకు ఈ ముచ్చట ఎత్తుకున్నాను. సగంలో గుర్తొచ్చింది, తుడుస్తూ తుడుస్తూ ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆమె ఫోటోల చుట్టూ బంతిపూలు. బంతికి పుట్టిల్లు మెక్సికోనే. పెత్రమాస నాడు పొద్దున పెద్దలకు బియ్యమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మలో మనం పేర్చే బంతి అది. పువ్వు ఇంత దూరం వచ్చింది, నవ్వొక్కటి రాలేదా?

ఆ ఊపులోనే తార్నాకకు ఫోన్ కొట్టి, కోటు ఫోటో తీసేసి చాయ్ హోటల్లో నవ్వుతున్నది పెట్టమన్నాను. తమ్ముడు చివరిదాకా విన్నాడు.

"అన్నా, పెత్రమాసకు అయ్యగారికి బియ్యమిచ్చేది నేను. నువ్వొచ్చి ఇచ్చిన యేడు నీకు నచ్చిన ఫోటో పెట్టుకో."