తెరిచిన పేజీ

డిసెంబరు 31 రాత్రి ఆరాధన పన్నెండు దాటాక ముగుస్తుంది. బయటికొచ్చే దారిలో పాస్టరుగారు ఒక పళ్లెం పట్టుకుని నిలబడతారు. అందులో వాగ్దాన కార్డులు బోర్లించి ఉంటాయి. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. మా అమ్మ బైబిలు జిప్పు కవరులో అలాంటివి పాతికేళ్ల కార్డులు ఉండేవి. దీవిస్తాననీ, హెచ్చిస్తాననీ, తోడుంటాననీ. "ఇది వదులుకో" అనే కార్డు వాటిలో ఒక్కటీ లేదు. అలాంటి వాక్యాలు బైబిల్లో బోలెడున్నాయి గానీ ఎవరూ కార్డుల మీద అచ్చు వెయ్యరు.

మాది ఒంగోలు. క్లౌ దొర పేరు వినకుండా అక్కడ ఏ క్రైస్తవ పిల్లాడూ పెరగడు. సండే స్కూల్లో మాకు చెప్పిన కథ 1878 నాటిది. కరువు రోజుల్లో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె మాకు ఎక్కాల్లాగా కంఠతా వచ్చు.

చాలా ఏళ్ల తర్వాత ఆయన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' చదివాను. ఆయన 1910లో పోయారు, పుస్తకం 1914లో వచ్చింది. అందులో నన్ను ఆపేసింది 1878 కాదు. ఆయన 1866లో ఒంగోలు వచ్చాక తొలి రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి.

ఊళ్లో పై కులాలవాళ్లు తమ పిల్లలకు బడి కావాలంటే పెట్టాడు. వాళ్లు వస్తే ఊరంతా వస్తుందని ఆయన ఆశ. అంతలో మాదిగలు రావడం మొదలైంది. వాళ్లని చేర్చుకుంటే మేం ఉండమన్నారు పెద్దలు. ఏం చెయ్యాలో తోచక ఆయన బైబిలు తెరిచాడు. మొదటి కొరింథీ మొదటి అధ్యాయం. పిలుపు అందుకున్నవాళ్లలో జ్ఞానులూ గొప్ప వంశాలవాళ్లూ ఎక్కువమంది లేరనీ, లోకం తీసిపారేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడనీ పౌలు రాసిన చోటు. వేరే గదిలో ఉన్న భార్య కూడా విడిగా బైబిలు తెరిస్తే అదే చోటు. మాదిగలని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు వెళ్లిపోయారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. ఇది చదవగానే నా బుర్ర లెక్క వేసింది. ఎక్కువగా చదివిన చోటే పుస్తకం తెరుచుకుంటుంది. ఇద్దరి మనసుల్లోనూ ఉన్న ప్రశ్న ఒకటే. కుదరని సందర్భాలని ఎవరూ పుస్తకంలో రాయరు. ఈ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అదే లెక్క నా మీద వేసుకోవాల్సి వచ్చినప్పుడు నాకు సిగ్గేసింది.

నాలుగేళ్ల కిందట నాన్న పోయారు. వీలునామా లేదు. ఒంగోల్లో ఇల్లు ఒక్కటే ఆస్తి. చట్టప్రకారం అక్కకి సగం, నాకు సగం. పక్షవాతంతో నాన్న మంచాన ఉన్న ఆరేళ్లూ చూసుకున్నది అక్క. ఆ ఇంట్లోనే తన కూతురితో ఉంటోంది, దగ్గర్లో ప్రైవేటు బళ్లో టీచరు. నేను అప్పటికే హైదరాబాదులో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టి ఉన్నాను. ఇల్లు అమ్మితే నా వాటాతో గండం గట్టెక్కుతుంది. ఆమె వాటాతో ఆమె ఒంగోల్లో ఇంకో ఇల్లు కొనుక్కోలేదు. అయినా నేను అడిగేది నా న్యాయమైన వాటా. ఎవరూ తప్పుపట్టరు.

ప్రార్థన మొదలుపెట్టాను. మొదటి రాత్రే ఫోన్లో రోజువారీ పఠనం లూకా 12 వచ్చింది. అన్నతో ఆస్తి పంచిపెట్టించమని ఒకడు యేసుని అడుగుతాడు. నన్ను మీ మీద తీర్పరిగా ఎవరు పెట్టారని ఆయన తిప్పికొట్టి, లోభం గురించి జాగ్రత్త చెబుతాడు. యాదృచ్ఛికం అనుకుని ఫోన్ పక్కన పెట్టాను. ఆ తర్వాత పది రోజులు ఎక్కడెక్కడో చదివాను. ఒకరోజు యిర్మీయా 29 తగిలింది. ఇళ్లు కట్టుకోండి, వాటిలో కాపురముండండి అని ఉంది. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం అది. నాకు మాత్రం మియాపూర్లో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటు గురించి రాసినట్టే కనిపించింది. మనసు తేలికపడింది. సమాధానం వచ్చిందని నా భార్యతో చెప్పాను.

క్రైస్తవుల వాడుకలో సమాధానం అంటే మనశ్శాంతి. మిగతావాళ్లకి జవాబు. నేను మనశ్శాంతి దొరకగానే అదే జవాబనుకున్నాను.

"మరి లూకా చదివిన రోజు ఏమైంది? ఇంకెన్నిసార్లు అడుగుతావు?" అంది ఆమె. ఫ్లాటు ఆమెకీ కావాలి. అందుకే ఆ మాటని కొట్టిపారెయ్యలేకపోయాను.

అప్పుడు గుర్తొచ్చినవాడు బిలాము, సంఖ్యాకాండం 22. ఇశ్రాయేలుని శపించడానికి రమ్మని మోయాబు రాజు కబురు పంపుతాడు. వెళ్లొద్దని దేవుడు సూటిగానే చెబుతాడు. రెండోసారి ఇంకా పెద్దవాళ్లు, ఇంకా పెద్ద ఆశలతో వస్తారు. బిలాము మళ్లీ అడిగి చూస్తానంటాడు. ఈసారి వెళ్లమనే జవాబు వస్తుంది, కానీ దారిలో గాడిద కాళ్లు కదపదు. మా సండే స్కూల్లో గాడిద మాట్లాడటమే కథ. ఇప్పుడు చూస్తే, జవాబు తెలిశాక కూడా భక్తిగా ఇంకోసారి అడగడం గురించిన కథ అది.

ఒంగోలు వెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాను. "ఎందుకురా ఇప్పుడిదంతా?" అంది అక్క. ఆమె గొంతులో కృతజ్ఞత కన్నా అనుమానమే ఎక్కువ. ఫ్లాటు వదులుకున్నాం, అడ్వాన్సులో కొంత పోయింది. తర్వాత చాలా నెలలు ఆ వైపు వెళ్లినప్పుడల్లా కడుపు మండేది. సమాధానం రాలేదు.

మన కోరికకి ఎదురు తగిలిందల్లా దేవుడి మాటే అని కూడా చెప్పలేను. కులం కాని అబ్బాయిని చేసుకుంటానన్న కూతురితో, ఇది దేవుని చిత్తం కాదని తేల్చేసిన తండ్రిని మా సంఘంలోనే చూశాను. ఆ చిత్తానికి వెల కట్టింది తండ్రి కాదు, కూతురు. అప్పటినుంచీ నేను చూసేది ఒకటే. ఆ మాట విన్నవాడు తన చేతిలోంచి ఇస్తున్నాడా, పక్కవాడి చేతిలోంచి లాక్కుంటున్నాడా? క్లౌ తన ఆశని వదులుకున్నాడు, దానివల్ల మాదిగలకి తలుపు తెరుచుకుంది. యిర్మీయా 29కి నేను చెప్పుకున్న అర్థానికి వెల కట్టాల్సింది మా అక్క.

మేము ఆ కథని 2,222 నుంచి వెనక్కి చదువుతాం కాబట్టి ఆయన సరైన పేజీయే తెరిచాడని మాకు తెలుసు. ఆ సాయంత్రం ఆయనకి 1878 తెలియదు. పెద్దలు తమ పిల్లల్ని తీసుకుపోయారనీ, ఎన్నో ఆశలు పెట్టుకున్న బడి ఖాళీ అయిందనీ మాత్రమే తెలుసు.

మేమింకా అద్దింట్లోనే ఉన్నాం. మా మేనకోడలు ఈ ఏడాది పదో తరగతి, తాతయ్య గదిలో కూర్చుని చదువుకుంటోందట.