వేచి చూడటమూ వైద్యమే

జలుబు, దగ్గు, గొంతునొప్పి, చెవిపోటు. వానలు మొదలైంది లగాయతు సంక్రాంతి చలి తగ్గేదాకా పిల్లల ఓపీలో ఎక్కువ చీటీలు ఈ నాలుగింటి మీదే నడుస్తాయి. వీటితో వచ్చే పిల్లల్లో చాలామందికి అప్పటికే ఏదో ఒక యాంటీబయాటిక్ పడి ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చిందో, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిందో, పెద్దపిల్లకు వాడగా మిగిలితే చిన్నవాడికి పట్టిందో. రెండు రోజులు చూసి, జ్వరం దిగలేదని ఇంకా పెద్ద మందు కోసం మా దగ్గరికి వస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జబ్బుల్లో చాలా వాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అయితే అక్కర్లేదని చెప్పి పంపేస్తే డాక్టరు పని పూర్తయినట్టు కాదు. ఎన్నాళ్లు ఆగాలి, ఆగినంతసేపూ ఏం గమనించాలి, ఏది కనబడితే ఒక్క పూట కూడా ఆగకూడదు అన్న మూడు సంగతులూ తేల్చి చెప్పినప్పుడే ఆ వేచి చూడటం వైద్యం అవుతుంది.

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. రైనోవైరస్‌లోనే నూటికి పైగా రకాలున్నాయి. అందుకే అంగన్‌వాడీకో బడికో కొత్తగా వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఎదుగుదల బాగున్న పిల్లల్లో దాన్ని రోగనిరోధక శక్తి లోపంగా భావించి బెంగపడనక్కర్లేదు. మొదట నీళ్లలా కారిన చీమిడి మూడు నాలుగు రోజులకు చిక్కబడి పచ్చగా మారుతుంది. ఆ పచ్చదనం మన తెల్లరక్తకణాల్లోని ఎంజైము నుంచి వచ్చేదే. ఆ రంగును బట్టి లోపల ఉన్నది వైరసో బాక్టీరియానో చెప్పలేం. సరిగ్గా ఆ రోజునే ఇంట్లో భయం పుడుతుంది, మందు మొదలవుతుంది. వైరస్ జ్వరం చాలావరకు ఆ మూడు నాలుగు రోజులకే తనంతట తాను దిగుతుంది కాబట్టి, తగ్గించిన పేరు మందుకు దక్కుతుంది. మళ్లీ జలుబు చేస్తే ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ సీసానే. దగ్గు విషయంలో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పెద్దవాళ్లలో జలుబు తర్వాత పట్టుకునే మామూలు దగ్గు సగటున 18 రోజులు ఉంటోందని తేలింది. ఎన్నాళ్లుంటుందనుకుంటున్నారని అక్కడి జనాన్ని అడిగితే వారం నుంచి తొమ్మిది రోజులన్నారు. మిగిలిన ఆ పది రోజుల్లోనే అనవసరమైన మందులు లోపలికి పోతున్నాయి. జబ్బు సహజంగా ఎంతకాలం ఉంటుందో డాక్టరు మొదటి రోజే చెబితే ఆ మందుల్లో చాలా భాగం ఆగిపోతుంది.

చెవిపోటు దగ్గర ఆగడం మరింత కష్టం. అర్ధరాత్రి బిడ్డ చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తుంటే ఏ తల్లి మాత్రం ఓపిక పట్టగలదు? ముక్కు వెనక భాగం నుంచి మధ్యచెవికి యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఉంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు ఆ దారి వాచి మూసుకుపోతుంది, మధ్యచెవిలో ద్రవం చేరి కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది. పడుకుంటే ఒత్తిడి పెరిగి పోటు ఎక్కువవుతుంది. ఈ పిల్లలపై జరిగిన పరీక్షలన్నిటినీ క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా సుమారు 60 శాతం మందికి 24 గంటల్లోనే నొప్పి తగ్గుతోంది. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి మిగిలే పిల్లల్లో ఒక్కరికి అదనంగా మేలు జరగాలంటే 20 మందికి మందు వాడాలి. వాడిన ప్రతి 14 మందిలో ఒకరికి మందు వల్లనే విరేచనాలో, వాంతులో, దద్దుర్లో వస్తున్నాయి. అంటే మేలు పొందేవారికన్నా ఇబ్బంది పడేవారే ఎక్కువ. అందుకని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013 మార్గదర్శకాల్లో పిల్లలను విడదీసి చూడమంది. ఆరు నెలలు దాటి రెండేళ్లు నిండనివారిలో రెండు చెవులకూ సోకినా, ఏ వయసులోనైనా చీము కారుతున్నా, నొప్పి తీవ్రంగా ఉన్నా, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ చేరినా వెంటనే అమాక్సిసిలిన్ మొదలుపెట్టాలి. ఆరు నెలలైనా నిండని పసికందుల్లో ఆలోచించనే అక్కర్లేదు, మందు ఇవ్వాల్సిందే. మిగిలినవారిలో 48 నుంచి 72 గంటలు ఆగి చూడవచ్చు. ఆ ఆగే గంటల్లో బిడ్డను నొప్పికి వదిలేయమని ఎవరూ అనరు. బరువుకు తగ్గ మోతాదులో పారాసిటమాల్ మొదటి గంట నుంచే ఇవ్వాలి. మన ఇళ్లలో అలవాటుగా పోసే వెచ్చని నూనె, వెల్లుల్లి కాచిన నూనె మాత్రం వద్దు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది. పైగా డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసినప్పుడు కర్ణభేరి సరిగా కనబడదు.

ఆగకూడని చోటును గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదని 1980ల్లోనే రుజువైంది. ఎక్స్‌రే అంతగా అందుబాటులో లేని పాపువా న్యూగినీ కొండప్రాంతాల్లో పనిచేసిన పిల్లల వైద్యుడు ఫ్రాంక్ షాన్, దగ్గుతో వచ్చే పిల్లల్లో న్యుమోనియా ఎవరికుందో ఊపిరి వేగాన్ని లెక్కపెట్టి చాలావరకు పట్టుకోవచ్చని చూపించాడు. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే నియమంగా మార్చింది. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, ఊపిరి లెక్క ఆ అంకెను చేరినా, దాటినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్క కోసం కూడా ఆగకూడదు. థర్మామీటరు అంకె కన్నా, కళ్లె రంగు కన్నా ఈ గుర్తులే నమ్మదగ్గవి. చదువు రాని తల్లి అయినా డొక్కలు ఎగరేయడాన్ని డాక్టరు కన్నా ముందే గమనిస్తుంది. ఆమె మాటను పట్టించుకోవడం మా వృత్తిలో మొదటి పాఠం కావాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చెవిపోటుకు ఆగి చూడమనే పద్ధతి నెదర్లాండ్స్‌లో మొదలై ఇతర ధనిక దేశాలకు పాకింది. మన దగ్గర గొంతునొప్పి ముదిరితే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి, చెవిపోటు ముదిరితే ఏళ్ల తరబడి చీము కారుతుంది, దగ్గు వెనక క్షయ దాగి ఉంటుంది. అలాంటప్పుడు అందరికీ మందు ఇవ్వడమే క్షేమం కదా అంటారు. ఈ భయంలో నిజం ఉంది. కానీ అందరికీ ఇవ్వడం వల్ల ఈ మూడింటిలో ఏదీ ఆగదు. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతునొప్పి ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఎక్కువ. జ్వరం ఉండి, దగ్గు లేకుండా, టాన్సిల్స్ మీద చీము పొర, మెడ ముందు నొప్పెట్టే బిళ్లలు ఉంటే దాన్ని అనుమానించాలి. లక్షణాలు మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని అడ్డుకోవచ్చు కాబట్టి, ఒకటి రెండు రోజులు సరిగా పరీక్ష చేయడానికి వ్యవధి ఉంది. కాకపోతే మందు పది రోజులు పూర్తిగా వాడాలి, లేదా బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒకటి చేయించాలి. షాపులో కొన్న రెండు రోజుల మాత్రలు ఆ గుండెను కాపాడలేవు. ఏళ్లుగా చీము కారే చెవికైనా నోటి మాత్రల కన్నా, శుభ్రమైన మెత్తని గుడ్డ వత్తితో చెవి పొడిగా తుడిచి వేసే సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలే బాగా పనిచేస్తాయి. ఆ చెవికి చెవి-ముక్కు-గొంతు డాక్టరు పరీక్ష, వినికిడి పరీక్ష తప్పనిసరి. ఇక క్షయ సంగతి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే కళ్లె పరీక్షకు పంపాలి. దానికి బదులు లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందు రాస్తే క్షయ కొన్నాళ్లు అణిగినట్టు కనబడి, పట్టుకోవడం ఆలస్యమవుతుంది. మన దేశంలో ప్రమాదం ఎక్కువ అన్నది నిజమే కాబట్టి, మనకు కావలసింది ఇంకా నిశితమైన పరీక్ష.

రెండో అభ్యంతరం బతుకుకు సంబంధించింది. కూలిపని మానుకుని, ఆటోకు డబ్బు పెట్టుకుని వచ్చిన తండ్రికి మూడు రోజులాగి మళ్లీ రమ్మనడం తేలిక కాదు. మందు రాయకపోతే ఆయన పక్క వీధిలో ఇంజెక్షన్ వేయించుకుని పోతాడని తోటి డాక్టర్లు అంటారు. ఆ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఆయనకు కావలసింది భరోసా. అది యాంటీబయాటిక్ రూపంలోనే దొరకాలని లేదు. ఏ గుర్తులు కనబడితే రావాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇవ్వవచ్చు. ఫోనులో మాట్లాడే సమయం చెప్పవచ్చు. మరీ దూరం నుంచి వచ్చినవారికి, పరీక్షలో ప్రమాద లక్షణాలేవీ లేకపోతే, ఫలానా తేదీ దాకా తగ్గకపోతేనే కొనమని చెప్పి మందు ముందే రాసి ఇవ్వవచ్చు. ఈ పద్ధతిని బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. అలా చీటీ పట్టుకెళ్లినవారిలో చాలామంది ఆ మందు కొననే లేదు.

ఒక్క బిడ్డకు ఒక్క కోర్సు వేస్తే లోకానికేం నష్టం అనేవారూ ఉన్నారు. నష్టం ముందు ఆ బిడ్డకే. 2007లో బెల్జియంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు అజిత్రోమైసిన్ ఒక్క కోర్సు ఇచ్చి చూస్తే, వారి గొంతులోని స్ట్రెప్టోకాకస్‌లలో మందుకు లొంగనివాటి శాతం పెరిగి, ఆరు నెలలకు కూడా పూర్తిగా తగ్గలేదు. ఆ ఆరు నెలల్లో నిజమైన న్యుమోనియా వస్తే ఆ బిడ్డ చేతిలో ఉన్న ఆయుధం మొద్దుబారి ఉంటుంది. పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందుకు అలవాటు పడతాయని హెచ్చరించాడు. మన ప్రభుత్వం 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద పలు శక్తిమంతమైన యాంటీబయాటిక్స్ అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలని నియమం పెట్టింది. మాత్రల అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దని ప్రచారమూ చేసింది. చీటీ రాసే చెయ్యి నిగ్రహం పాటించకపోతే ఆ గీతకు విలువ ఉండదు.

అసలు జబ్బే రాకుండా చూసే దారులున్నాయి. న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా దొరుకుతోంది. ఆరు నెలలదాకా తల్లిపాలే పట్టడం, ఇంట్లో బీడీ సిగరెట్ల పొగ లేకుండా చూడటం, పడుకోబెట్టి సీసాతో పాలు పట్టకపోవడం చెవినీ ఊపిరితిత్తులనూ కాపాడతాయి. ఇవన్నీ చేసినా జలుబు వస్తుంది. అప్పుడు డాక్టర్లుగా మేం ఊపిరి లెక్కపెట్టాలి, చెవిలోకి చూడాలి, గొంతు చూడాలి, మళ్లీ ఎప్పుడు రావాలో రాయాలి. తల్లిదండ్రులుగా మీరు ఆ మూడు ప్రశ్నలూ మమ్మల్ని అడగాలి: ఎన్నాళ్లు ఆగాలి, ఏం చూసుకోవాలి, ఎప్పుడు పరుగెత్తుకు రావాలి? వీటికి జవాబు చెప్పలేని డాక్టరు ఎంత పెద్ద మందు రాసినా ఆ బిడ్డకు వైద్యం చేయనట్టే.