తేనెటీగల కరవుకాలము

ఉద్యమశీలమునకు తేనెటీగను ఉదాహరణముగా చెప్పని పాఠ్యపుస్తకము అరుదు. పూవులున్న దినములలో అది కూడబెట్టును. పూవులు లేని దినములలో కూడబెట్టినది తిని బ్రతుకును. ఈ సంగతి విద్యార్థులందరు ఎరిగినదే. కాని ఆ కూడబెట్టిన తేనెను మనము తీసి సీసాలలో నింపుకొనిన తరువాత, పూవులు లేని దినములలో అది యేమి తినవలెను?

మా పాఠశాల తోటలో రెండు తేనెపెట్టెలున్నవి. చట్రములు అమర్చిన ఇట్టి చిన్న పెట్టెను మన దేశపు ఈగకు తగినట్లు రూపొందించినవారు తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలకు చెందిన ఫాదర్ న్యూటన్. 1911 మొదలు 1917 వరకు వారు గ్రామీణులకు తేనెటీగల పెంపకము నేర్పిరి. నేటికిని ఆ పెట్టె వారి పేరుతోనే పిలువబడుచున్నది. అంతకుముందు పట్టును కోసి పిండినప్పుడు తేనెతోపాటు గూడును, పిల్లలును నశించుచుండెను. చట్రముల పెట్టెలో గూడు చెడక తేనె మాత్రమే చేతికి వచ్చును. గూడు నిలిచినది గనుక దానిని పోషించు బాధ్యతయు మనకు కలిగినది.

మా సీమలో వేసవియందు కానుగ, వేప, చింత పూచును. అప్పుడు ఈగలకు పండుగ. వానలు పట్టినంతనే ఉన్న పూలలోని మకరందము కడిగిపోవును. ఈగలు వాకిలి దాటజాలవు. అట్టి వేళ పెట్టెను ఒక ప్రక్క ఎత్తి చూచినచో తేలికగా నుండును. మూత తీసినచో, పిల్లల గదులకు పైన మైనపు మూతలతో నిండి యుండవలసిన తేనెగదులు వట్టివై కనబడును. రాణి గుడ్లు పెట్టుట తగ్గించును. కరవు ముదిరినచో మన దేశపు ఈగ గూడునే విడిచిపోవును. ఒకనాటి ఉదయమున పెట్టె యుండును; ఈగ యొక్కటియు నుండదు.

ఆ స్థితి రాకముందే పానకము పెట్టవలెను. కాచిన నీటిలో సమానమైన తూకము పంచదార కరగించి చల్లార్చుదుము. వారమునకు ఒక్కొక్క పెట్టెకు 200 గ్రాముల పంచదార సరిపోవును. కొబ్బరిచిప్పలో పానకము పోసి, ఈగలు మునిగిపోకుండ పుల్లలు వేసి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట పెట్టెలోపల నుంచుదుము. ఒక్క చుక్కయు బయట ఒలుకరాదు. ఒలికినచో చీమలు పట్టును, బలముగల గూటి ఈగలు బలహీనమైన గూటిపై బడి దోచుకొనును. అందుచేతనే రెండు పెట్టెలకును ఒకేనాడు పెట్టుదుము. బెల్లపు పానకము ఈగలకు విరేచనములు కలిగించును. ఎక్కడిదో తెలియని తేనె పెట్టినచో దానితోపాటు రోగము రావచ్చును.

గత శ్రావణమున మేము పానకము పోయుచుండగా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అయ్యవారూ, పంచదార తిని ఈగలు దాచినదియు తేనెయేనా?" అని అడిగినది. మంచి ప్రశ్న. ఈగలు పానకమును సైతము తమ కడుపులోని రసములతో మార్చి, నీరు ఇగిరించి, గదులలో నింపి మూత వేయును. చూపునకు తేడా తెలియదు. అయినను పూవునుండి పుట్టనిది తేనె కాదు. అది ఈగల ఆకలికి మాత్రమే ఉద్దేశించినది. కావున పూత కాలము రాగానే పానకము మానవలెను. ఆ పిమ్మటనే తేనె తీయుటకై పై అరను అమర్చవలెను. పూవులున్నప్పుడును పానకము పోసి, ఆ నిలువను తేనె యని అమ్మువాడు కొనువానిని వంచించుచున్నాడు. పంచదార ఒకటే, చిప్ప ఒకటే. కాలమును, ఉద్దేశమును వేరు.

పానకము ప్రాణము నిలుపును గాని పూవు లోటును పూర్తిగా తీర్చదు. పిల్ల పురుగులు పెరుగుటకు పుప్పొడి కావలెను. అది పంచదారలో లేదు. కొబ్బరిచెట్లున్న చోట పుప్పొడికి కొంత ఆధారముండును. తక్కిన చోట్ల మనమే పూలమొక్కలు నాటవలెను. అన్నిటికంటె మేలైన ఉపాయము మొదటనే కొంత తేనె వదలుట. ఈ యేడు మేము పై అరలోని తేనెను పూర్తిగా తీయలేదు. పాఠశాల కంచె పొడవున మునగకొమ్మలు పాతితిమి. వానకాలము వచ్చుచున్నది. విద్యార్థులారా, వారమున కొకసారి పెట్టెను మెల్లగా ఒక ప్రక్క ఎత్తి బరువు చూచుట ఇక మీ వంతు.