పువ్వు పసుపే, కాయ చూడాలి

తొలకరి వానలకు మా కొండల్లో బాటల పక్కన తగిరిస మొలుస్తుంది. కొన్ని ఊళ్లలో తంటెం అంటారు. లేత ఆకు కోసి కూర వండుకుంటాం. ఆ పక్కనే, పెంటకుప్పల మీద, బడి గోడల వెంట కసింద కూడా లేస్తుంది. రెండింటికీ పసుపు పువ్వే. రెండూ కంది, చిక్కుడు కుటుంబానివే. ఒడియాలో తగిరిస చకుండా అయితే, కసింద బడ చకుండా. పేరులో తేడా ఒక్క మాట. పిల్లల ప్రాణం ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

2016లో మన పొరుగున ఉన్న మల్కన్‌గిరి జిల్లాలో పదుల సంఖ్యలో ఆదివాసీ పిల్లలు చనిపోయారు. మెదడువాపు జ్వరం అన్నారు. కొందరి విషయంలో అది నిజమే. వెల్లూరు వైద్యుడు టి. జాకబ్ జాన్ బృందం పరిశీలించాక, ఎందరో పిల్లలను కసింద గింజల విషం బలిగొందని బయటపడింది. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మొక్కను గుర్తుపట్టడమే మందు.

అందుకే నేను పిల్లలకు పేరు కంటే ముందు గుర్తులు చెబుతాను. వాసనను నమ్మవద్దంటాను, నలిపితే రెండూ కంపు కొడతాయి. తగిరిసకు ఒక్కో ఈనెకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం. కసిందకు నాలుగైదు జతలు, కొసలు సూది. కసిందకు కాడ మొదట్లో చిన్న బుడిపె ఉంటుంది. తగిరిసకు అది కింది జత ఆకుల మధ్య ఉంటుంది. తగిరిస కాయ సన్నగా, జానెడు పొడవున కొడవలిలా వంగుతుంది. కసింద కాయ పొట్టి, బల్లపరుపు, అంచులు పాలిపోయి ఉంటాయి. కసిందను కాయ పట్టకముందే వేళ్లతో పీకెయ్యాలి.

పీకిన చోటు ఖాళీగా ఉంచితే మళ్లీ అదే మొలుస్తుంది. అక్కడ తంగేడు వెయ్యమంటాను. ఇదీ ఆ కుటుంబానిదే, మెట్టనేల పొద. ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల ఆకులు, ఆకు మొదట్లో చెవుల్లాంటి రేకులు. శాస్త్రజ్ఞులు పెట్టిన ఆరిక్యులేటా అనే పేరుకు అర్థం కూడా చెవులున్నదనే. తెలంగాణ వాళ్లు దీన్ని బతుకమ్మలో పేరుస్తారు, అక్కడ ఇది రాష్ట్ర పుష్పం. ఎండిన కాయల గింజ తెచ్చి, గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, వానల మొదట్లో నాటాలి. గింజ పెంకు గట్టిది, రుద్దకపోతే మొలక ఆలస్యం. నీరు నిలవని, ఎండ పడే చోటు కావాలి. పశువులు అంతగా ముట్టవు కనుక కంచెకు బాగుంటుంది.

టీచర్లూ, మీ ఊరి అవ్వలను బడికి పిలవండి. కువిలో, ఒడియాలో, తెలుగులో ఈ మూడు మొక్కల పేర్లు అడిగి, ఎదురుగా ఎండిన ఆకు, కాయ అతికించి గోడకు పెట్టండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆటలో నోట్లో వేసుకునే ఏ గింజనైనా ముందు ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లండి.