బ్రేకు డ్రమ్ములో దుమ్ము

ఉద్యోగ విరమణ చేసిన వైద్యునికి పాత కారు మంచి వ్యాపకం. మా నాన్నగారు మద్రాసులో కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ సింగరాయకొండలో మా వసారా పక్కన చాలా ఏళ్లు కదలకుండా ఉండిపోయింది. నిరుడు దాని బ్రేకులూ, ముందు చక్రాల హబ్బులూ మార్పించాను. ఆ పనిలో ఎదురైన ఒక సంగతి ఆరోగ్యానికి సంబంధించినది కనుక పాఠకులతో పంచుకుంటున్నాను.

ఇటలీకి చెందిన మికెలోత్తి రూపకల్పన చేసిన హెరాల్డ్‌ను ట్రయంఫ్ సంస్థ 1959లో ఇంగ్లండులో విడుదల చేసింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు దానిని తయారుచేశారు. అదే చట్రాన్ని కురచ చేసి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. దాని రూపకర్త కూడా మికెలోత్తియే. ఈ దాయాదితనం వల్లనే స్పిట్‌ఫైర్ డిస్కు బ్రేకులు హెరాల్డ్ ముందు చక్రాలకు అమరుతాయి.

మా కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పదేపదే తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. లారీల మధ్య ఒంగోలు వెళ్లే జాతీయ రహదారిపై అది ప్రాణాంతకం. డిస్కు గాలి తగిలేలా బయటికే ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. డిస్కును హబ్బుకే బోల్టులతో బిగిస్తారు కాబట్టి పాత హబ్బు పనికిరాదు. కొత్త హబ్బులో బేరింగులు అమర్చి, నట్టును బిగించి మళ్లీ కొద్దిగా వదలాలి. పూర్తిగా బిగిస్తే బేరింగు కాలిపోతుంది. కాలిపర్ల పిస్టన్లు పెద్దవి, ఎక్కువ ఆయిల్ కావాలి. అందుచేత మాస్టర్ సిలిండరును కూడా మార్చవలసి వచ్చింది.

పని మొదలైన ఉదయం మేస్త్రీ డ్రమ్ము ఊడదీశాడు. లోపల బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది. పక్కనున్న కుర్రవాడు, పదిహేడేళ్లుంటాయేమో, కంప్రెసరు గొట్టం అందుకున్నాడు. నేను గట్టిగా అరిచి ఆపాను.

"దుమ్మేగదా డాక్టరుగారూ! ముప్పై ఏళ్లనుంచి ఊదతానే ఉండా," అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. ఆ నవ్వు దగ్గులోకి జారింది.

పాతకాలపు బ్రేకు లైనింగులలో వేడిని తట్టుకోవడానికి ఆస్బెస్టాస్ కలిపేవారు. రాపిడి వేడికి అందులో ఎక్కువ భాగం రూపం మారిపోతుంది కాని, కొన్ని పోగులు అలాగే మిగులుతాయి. కంటికి కనిపించనంత సన్నని ఆ పోగులు ఊపిరితిత్తుల లోతుకు చేరితే శరీరం వాటిని కరిగించలేదు. ఊపిరితిత్తులు గట్టిపడడం, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు దాని ఫలితాలు. అవి బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. గ్యారేజీలో పీల్చే మోతాదు ఆస్బెస్టాస్ కర్మాగారంలో కన్నా తక్కువే. అయినా ఇంతవరకు ప్రమాదం లేదని చెప్పగల హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించలేదు.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, పొడిగా చీపురుతో ఊడ్చకూడదు. సబ్బునీటితో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే సంచిలో మూటకట్టి పారవేయాలి. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఈ పోగులను ఆపదు. పనిబట్టలతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోకూడదు. కొత్త లైనింగులు కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనివని చూసుకోవాలి. మా కారుకు వెనుక డ్రమ్ములు అలాగే ఉన్నాయి కనుక నాకూ ఈ నియమాలు తప్పవు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయాసంతో వచ్చినవారిని బీడీ, చుట్ట, పొగాకు బ్యారను గురించి నా సర్వీసంతా అడిగాను. వృత్తి గడిలో 'మెకానిక్' అని రాసుకున్నవారిని మాత్రం, ఆ షెడ్డులో రోజంతా ఏమి పీలుస్తున్నావని ఒక్కసారీ అడగలేదు.

మరుసటి వారం మేస్త్రీని ఛాతీ ఎక్స్‌రేకి తీసుకువెళ్లాను. ఫలితం ఆయన సొంత విషయం, ఇక్కడ రాయను. షెడ్డులో ఇప్పుడు కంప్రెసరు పక్కన సబ్బునీటి బకెట్టు ఉంటోంది. దానిని నింపే బాధ్యత ఆ కుర్రవాడిది.