ఇంజన్ మౌంటింగులు ఇంటికాడ మార్చేటోళ్లకు ఒక మాట

మన బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డంక చెరుకు పనికి దూరం తిరుగుడే. గుంతల రోడ్లకు మా పాత కారు మౌంటింగుల రబ్బరు పగిలింది. నిలబెట్టి స్టార్ట్ చేస్తే స్టీరింగ్ వణుకుడు, గేర్ వేస్తే దడ్ అని సప్పుడు.

ఇంటికాడనే మార్చిన. జాకీని నేరుగా ఆయిల్ చాంబర్‌కు ఆనిచ్చిన, జారింది. చెయ్యి తీసిన మరుక్షణమే ఇంజన్ కుంగింది.

మీరు అట్ల చేయకండి. జాకీ మీద మందపు చెక్క పెట్టి, బరువు ఆనేదాకనే లేపాలె. కింద దూరాలంటే స్టాండ్లు ఉండాలె. అన్నీ ఒక్కసారే విప్పొద్దు, ఒకటి మార్చినంకనే ఇంకోటి. గేర్‌బాక్స్ దిక్కుది మరువొద్దు. బోల్టులు ముందు చేతితో ఎక్కించి, జాకీ దించినంక గట్టిగ బిగించాలె.

మెకానిక్ కూలి మిగిలిందని సంబురపడ్డ. "వేళ్లు పోతే చెరుకు ఎట్ల నరుకుతవ్?" అన్నది మా ఇంటామె. నా దగ్గర జవాబు లేకుండె.